పోర్షియా కోర్టు గౌను: కొలతల నుంచి చివరి తెర దాకా

షేక్‌స్పియర్ నాటకం ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ కోర్టు సీను వేయబోయే కాలేజీ బృందాలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: గ్రాడ్యుయేషన్ గౌను అద్దెకు తెచ్చుకుంటే సరిపోదా? సరిపోదు. అద్దె గౌను పది నిమిషాలు ఫొటో దిగడానికి కుట్టింది. ముందు జిప్పు, పలచని మెరుపు బట్ట, భుజం మీద నిలవని యోక్ (భుజాలను కప్పే పై ముక్క). మగ న్యాయకోవిదుడిగా వేషం మార్చుకొచ్చే కథానాయిక పోర్షియా దాదాపు మూడు వందల పంక్తుల పాటు గౌనులోనే ఉండాలి. మాట్లాడాలి, నడవాలి, పత్రం చదవాలి, అటు తిరిగి ఇటు తిరిగి అందరినీ ఒప్పించాలి. ఆపైన అయిదు నిమిషాల్లో దాన్ని విప్పేసి, చక్కగా ముస్తాబైన గృహిణిగా మళ్లీ వేదిక మీదికి రావాలి.

లాయర్ల నల్ల కోటు కూడా కుదరదు. నాటకంలో ఆమె వేసుకొచ్చేది న్యాయశాస్త్ర డాక్టరు వేషం. పాడువాలోని బంధువు బెల్లారియో పంపిన దుస్తులవి. వెంట వచ్చే చెలికత్తె నెరిస్సాది మాత్రం గుమస్తా వేషం. ఈ తేడా చివరి వరసలో కూర్చున్నవాళ్లకు కూడా కనబడాలి.

కింది పద్ధతి అయిదడుగుల మూడంగుళాల నటికి సరిపోయే లెక్క. మామూలు కుట్టుమిషను, ఓపికగల ఇద్దరు మనుషులు ఉంటే వారం రోజుల పని.

1. కత్తెర పట్టే ముందు నాటకం చదవండి

దర్జీలు చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. గౌనులో ఏమేం దాచాలో, చేతులకు ఏం పని ఉందో పాఠ్యంలోనే ఉంది. పెన్సిలుతో గీత పెట్టుకుంటూ చదవండి.

నాలుగో అంకం మొదటి రంగంలో పోర్షియా వడ్డీ వ్యాపారి షైలాక్ ఇచ్చిన అప్పు పత్రాన్ని విప్పి చూస్తుంది. అంటే చేతి అంచు మణికట్టు దాటి వేళ్ల మీదికి జారకూడదు. రంగం చివర చేతి తొడుగుల ప్రస్తావన వస్తుంది, ఆ వెంటనే ఆమె భర్త వేలి ఉంగరం. తొడుగులు కావాలి, ఉంగరానికి జేబు కావాలి. రెండో రంగంలో ఆమె నెరిస్సాకు ఒక దస్తావేజు ఇస్తుంది. దానికీ చోటు కావాలి.

అయిదో అంకంలో అదే ఉంగరం, రెండు ఉత్తరాలు ఆమె చేతిలో ఉండాలి. అప్పటికి గౌను ఒంటి మీద ఉండదు. ఒకసారి నేను కుట్టిన గౌను లోపలి జేబులోనే ఉంగరం ఉండిపోయింది. గౌను తెర వెనక కొక్కేనికి వేలాడుతోంది, నటి వేదిక మీద ఖాళీ చేయి చాచింది. వర్తకుడు ఆంటోనియోగా వేసిన కుర్రాడు లేని ఉంగరాన్ని అందుకుని భలే నటించాడు. అయినా అప్పటినుంచీ నా దగ్గర ఉంగరాలు ఎప్పుడూ రెండు: ఒకటి గౌనులో, ఒకటి అయిదో అంకం దుస్తుల్లో.

పాఠ్యం చదివాక దర్శకుణ్ణి అడగాల్సినవి:

- కోర్టు నడిపే డ్యూక్ ఏ రంగు వేసుకుంటాడు?
- వేదిక మీద మెట్లున్నాయా? పోర్షియా మోకరిల్లుతుందా?
- కాలర్ మైకు వాడతారా?
- కోర్టు సీనులో లైటు ఏ రంగు?

మొదటి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. డ్యూక్‌ను, ఆయన పక్కన పెద్దమనుషులను ఎర్ర దుస్తుల్లో కూర్చోబెట్టడం చాలామందికి అలవాటు. అక్కడికి పోర్షియా కూడా ఎర్ర గౌనులో వస్తే గుంపులో కలిసిపోతుంది. అలాంటప్పుడు నల్ల గౌనుకు ఎర్ర అంచులు వేయండి. డ్యూక్‌ది ఎరుపు కాకపోతే మాత్రం సందేహించకండి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ డాక్టర్ల పండుగ గౌన్ల రంగు స్కార్లెట్ ఎరుపే. కేంబ్రిడ్జ్ న్యాయశాస్త్ర డాక్టరు గౌనుకు లేత చెర్రీ రంగు పట్టు అంచు ఉంటుంది, ఆక్స్‌ఫర్డ్‌లో ముదురు ఎరుపు పట్టు. వేదిక మీద లేత అంచే బాగా కనబడుతుంది.

2. బట్ట ఎంపిక

అసలైతే ఉన్ని బట్ట. మన ఆడిటోరియంలలో, అందులోనూ ఏప్రిల్‌లో, ఉన్ని గౌను వేయిస్తే నటి నిలబడలేదు. దళసరిగా ఉండి మెరుపు లేని పాలీ విస్కోస్ ప్యాంటు బట్ట తీసుకోండి. విజయవాడ వస్త్రలతలోనో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో అడిగితే 58 అంగుళాల పన్నాలో దొరుకుతుంది.

దుకాణంలో బట్టను పిడికిట్లో గట్టిగా నలిపి వదలండి. ముడతలు నిలిచిపోతే వద్దు. తాను నుంచి మీటరు పొడవు కిందికి వేలాడదీసి చూడండి. నిలువుగా గొట్టాల్లా పడాలి. గొడుగులా విచ్చుకుంటే ఆ బట్ట బిరుసు, కుచ్చులకు పనికిరాదు.

కావలసినవి:

- గౌనుకు: 58 అంగుళాల పన్నా, 5 మీటర్లు
- అంచులు, చేతుల లోపలి వైపు, హుడ్ (మెడ చుట్టూ వేసి వీపు మీదికి వేలాడదీసే ముసుగు) లోపలి వైపు: 44 అంగుళాల పన్నా శాటిన్, రెండున్నర మీటర్లు
- హుడ్ పై బట్ట: గౌను బట్టే, ఇంకో ముప్పావు మీటరు
- యోక్‌కు కాన్వాస్, లోపలి జాకెట్టుకు మీటరు కాటన్
- నమూనాకు కోరా బట్ట 5 మీటర్లు
- ప్యాంటు హుక్కులు రెండు జతలు, ప్రెస్ బటన్లు ఆరు, బలమైన దారం, ఇనుప వాషర్లు ఎనిమిది

మొత్తం కొనేముందు పావు మీటరు తెచ్చి రెండు పరీక్షలు చేయండి. తడిపిన తెల్ల గుడ్డతో గట్టిగా రుద్దండి. రంగు దిగితే చెమటకు నటి తెల్ల కాలర్ గులాబీ రంగైపోతుంది. తర్వాత ఆ ముక్కను వేదిక లైట్ల కింద చూడండి. నీలం లేదా ఆకుపచ్చ లైటులో ఎరుపు నల్లబడుతుంది, పసుపు లైటులో నారింజకు తిరుగుతుంది. లైటు మార్చడానికి దర్శకుడు ఒప్పుకోకపోతే రంగు మీరే మార్చుకోవాలి.

3. కొలతలు

నటి ఆ రోజు వేసుకునే బూట్లతో నిలబడాలి, లోపలి దుస్తులు కూడా ఒంటి మీద ఉండాలి. చీర మీదో చుడీదార్ మీదో తీసిన కొలతలు ఇక్కడ చెల్లవు.

- మెడ వెనక ఎముక నుంచి నేల దాకా (మన లెక్కలో 54 అంగుళాలు)
- భుజం నుంచి భుజం దాకా, వీపు మీదుగా
- మెడ ఎముక నుంచి భుజం మీదుగా మణికట్టు దాకా
- లోపలి దుస్తుల మీద ఛాతీ చుట్టుకొలత
- చంక చుట్టుకొలత, దానికి 3 అంగుళాల వదులు కలిపి

గౌను అంచు నేలకు 2 అంగుళాల ఎత్తులో ఆగాలి. మెట్లుంటే 3 అంగుళాలు.

4. కోరా నమూనా, తర్వాత కత్తిరింపు

బట్టను ముందు తడిపి ఆరబెట్టి ఇస్త్రీ చేయండి. తర్వాత నమూనాను కోరా బట్టలో కచ్చా కుట్టు వేసి నటికి తొడగండి. ఈ పని మానేసి నేరుగా ఎర్ర బట్ట కత్తిరించినవాళ్లు ఆరో మీటరు కోసం మళ్లీ బజారుకు వెళ్లడం నాకు తెలుసు. అప్పటికి ఆ తాను అయిపోయి ఉంటుంది.

కత్తిరింపు లెక్క ఇది. 54 అంగుళాల పొడవుతో పూర్తి పన్నా ముక్క ఒకటి వీపుకు. అదే పొడవుతో ఇంకో ముక్కను నిలువుగా రెండు చేస్తే ముందు భాగాలు. 28 అంగుళాల పొడవు, 38 అంగుళాల వెడల్పుతో రెండు ముక్కలు చేతులకు. చేతుల పక్కన మిగిలే పట్టీలోంచి యోక్, జేబులు వస్తాయి. యోక్ రెండు పొరలు, మధ్యలో కాన్వాస్. వీపు మధ్య యోక్ లోతు 5 అంగుళాలు, వెడల్పు 16. భుజం కుట్టు నడి భుజం మీద కాకుండా అంగుళంన్నర ముందుకు రానివ్వండి.

5. వీపు కుచ్చులు

గౌను హుందాతనమంతా వీపు కుచ్చుల్లోనే ఉంది. చంకల కోత పోగా వీపు ముక్క పైఅంచు సుమారు 50 అంగుళాలు మిగులుతుంది. దాన్ని 16 అంగుళాల యోక్‌లోకి తేవాలి. మిషను మీద ఫ్రిల్లు లాగితే లంగా కుచ్చుల్లా ఉబ్బుతుంది, వెనక నుంచి చూస్తే నైటీలా ఉంటుంది. ఇది చేతి పని.

ముందు పైఅంచును అంగుళంన్నర లోపలికి మడిచి ఇస్త్రీ చేయండి. బట్ట పలచగా ఉంటే ఆ మడతలో ఫ్లానెల్ పట్టీ పెట్టండి. మడత లోపలి వైపు సుద్దతో, స్కేలు పెట్టి, పావు అంగుళానికి ఒక చుక్క. మొదటి వరస అంచుకు పావు అంగుళం కింద, రెండోది దానికి అర అంగుళం కింద. రెండు వరసల చుక్కలు సరిగ్గా ఒకదాని కింద ఒకటి రావాలి. ఇక్కడ కంటి కొలత వద్దు.

రెట్టింపు దారంతో చుక్క మీద పైకి, తర్వాతి చుక్క మీద కిందికి, వరస చివరిదాకా పరుగు కుట్టు. రెండు వరసలూ ఒకేలా రావాలి. వీపు మధ్యలో దారం ఆపి కొత్తది మొదలుపెట్టండి. తెగితే సగమే మళ్లీ చేయాల్సి వస్తుంది. దారాలు రెండూ కలిపి నెమ్మదిగా లాగండి. బట్ట హార్మోనియం తిత్తిలా సన్నని మడతలుగా ముడుచుకుంటుంది. దాదాపు నూరు మడతలు వస్తాయి, అంగుళానికి ఆరు చొప్పున.

ఇప్పుడు యోక్ కింది అంచును కూడా ముందే మడిచి ఉంచి, రెండు అంచులూ ఎదురెదురుగా పెట్టండి. ఒక్కో మడత శిఖరాన్ని రెండేసి చిన్న కుట్లతో యోక్ అంచుకు పట్టించండి. మిషను కింద పెట్టి నొక్కేస్తే మడతలు పడుకుంటాయి, మూడు గంటల శ్రమ మూడు నిమిషాల్లో పోతుంది. కుట్టాక పైకెత్తి ఒకసారి దులపండి. మడతలు తలుపు కీలు తిరిగినట్టు యోక్ నుంచి నిటారుగా కిందికి జారాలి. కొన్ని పక్కకు వాలితే ఆ చోట చుక్కలు తప్పాయని అర్థం. అంతవరకే విప్పి సరిచేయండి.

6. చేతులు, అంచులు, జేబులు

చేయి పైన 30 అంగుళాలు, కింద 38. పై భాగంలో భుజం మీదికొచ్చే ఎనిమిది అంగుళాల మేరకే కుచ్చు, చంక కింద నున్నగా. లోపలి వైపు కింది 14 అంగుళాలకు శాటిన్. చేయెత్తినప్పుడు ఆ రంగు మెరవడమే ఈ గౌను అందం. ముందు అంచులకు పైనుంచి కిందిదాకా 5 అంగుళాల శాటిన్ పట్టీ, లోపల పలచని కాన్వాస్.

జేబులు రెండు, ఎడమ పట్టీ వెనక. పైది చిన్నది, ఉంగరానికి, నోటికి ప్రెస్ బటన్. కిందిది పొడవుది, దస్తావేజుకు. నటి ఎడమచేతి వాటమైతే కుడివైపు పెట్టండి. జేబు నోరు నిలువుగా ఉంటే చేయి కనబడకుండా లోపలికి వెళ్తుంది.

7. వెనక్కి జారకుండా

ఆడవాళ్లు ఈ తరహా గౌను వేసుకున్నప్పుడు వచ్చే అసలు చిక్కు ఇదే. బరువంతా వీపున ఉంటుంది కాబట్టి గౌను వెనక్కి జారుతుంది. హుడ్ దాని వెంట జారి గొంతు నొక్కుతుంది. మగవాళ్లు హుడ్ ముందున్న దారపు ఉచ్చును చొక్కా బొత్తానికి తగిలించుకుంటారు. బొత్తాల్లేని జాకెట్టు మీద ఆ ఉచ్చు దేనికీ పనికిరాదు. పలచని బ్లౌజు బొత్తానికి తగిలిస్తే బ్లౌజునే గడ్డం దాకా లాగుతుంది. మొదటిసారి నేను కుట్టిన గౌనులో ఆ నటి కరుణ గురించిన ప్రసంగమంతా ఒక చేత్తో మెడ దగ్గర పట్టుకునే చెప్పింది. చూసినవాళ్లు అదేదో భావప్రకటన అనుకున్నారు. ఆమె రాత్రి నాకు మెడ మీది ఎర్ర గీత చూపించింది.

పరిష్కారం లోపలి జాకెట్టు. కాటన్‌తో ముందు భాగాలు రెండే కత్తిరించండి: భుజం కుట్టు నుంచి ఛాతీ కింద రెండు అంగుళాల దాకా. పైఅంచును గౌను భుజం కుట్టులోకి కలిపి కుట్టండి. కింది అంచు రెండు వైపులా నాడా కుట్టి, ఆ నాడాల చివరలను వీపు యోక్ కింది అంచుకు పట్టించండి. ముందు రెండు ప్యాంటు హుక్కులు. నటి ముందు ఈ జాకెట్టు బిగించుకుంటుంది, పైన గౌను స్వేచ్ఛగా వేలాడుతుంది. బరువును మెడ మోయదు, పక్కటెముకలు మోస్తాయి.

తర్వాత వాషర్లు. గుడ్డలో చుట్టి ముందు అంచుల కింది మడతలో వైపుకు నాలుగు చొప్పున కుట్టండి. ఒకదానికొకటి తగలకుండా ఎడం ఉంచండి, లేకపోతే నడిచినప్పుడల్లా గజ్జెల మోత.

హుడ్‌ను గొంతు దగ్గర తగిలించనే వద్దు. భుజాల మీద రెండు, వీపు మధ్యలో ఒకటి, మొత్తం మూడు ప్రెస్ బటన్లతో గౌనుకే పట్టించండి. ముందు పట్టీ మెడను తాకకుండా రెండు వేళ్లు దూరే సందు ఉండాలి.

పరీక్ష: నటి రెండు చేతులూ పైకెత్తి, పది సార్లు వంగి లేచి, గబగబా వెనక్కి తిరగాలి. యోక్ అర అంగుళం కన్నా ఎక్కువ కదిలితే నాడాలు బిగించండి.

8. లోపల, తల మీద

లోపల మెడదాకా మూసిన నల్ల పొడుగు కోటు, తెల్ల కాలర్. ఛాతీని క్రేప్ బ్యాండేజీతో బిగించడం చాలామంది చేస్తారు. వద్దు. ఆమె ఊపిరి పీల్చాలి, ఒక్క ప్రసంగమే ఇరవై రెండు పంక్తులుంది. గౌను వదులు, నిలువు పట్టీలు ఆకారాన్ని దాచేస్తాయి.

పొడుగు జడ ఉంటే రెండు పాయలుగా అల్లి, తల చుట్టూ చదునుగా తిప్పి పిన్నులు పెట్టండి. కొప్పు పెడితే టోపీ లేచి నిలబడుతుంది. పైన నల్లని బిగుతు గుడ్డ టోపీ, దాని మీద మెత్తని నల్ల వెల్వెట్ గుండ్రటి టోపీ, చుట్టూ బంగారు రంగు తాడు. పలక పెట్టినట్టుండే నలుచదరపు టోపీ మాత్రం ముట్టుకోకండి. షేక్‌స్పియర్ నాటికి ఆ గట్టి పలక లేదు. పైగా దాని నీడ సరిగ్గా కళ్ల మీద పడుతుంది.

కాలర్ మైకును గౌనుకు గుచ్చకండి. శాటిన్ రాపిడి శబ్దం మాటల్ని మింగేస్తుంది. లోపలి కోటుకు, కాలర్ కిందుగా పెట్టి తీగను నాడా వెంబడి వెనక్కి పంపండి.

9. గౌనులో నడక

మొదటి ప్రదర్శనకు కనీసం వారం ముందు రిహార్సల్‌కు గౌను ఇవ్వండి, పూర్తికాకపోతే కోరా నమూనా అయినా. మగ వేషంలో ఉన్నా గౌనును చాలామంది అమ్మాయిలు అలవాటుగా లంగా ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తుతారు. ఆ ఒక్క కదలికతో వేషం బయటపడిపోతుంది. మెట్లెక్కేటప్పుడు గౌనును ముందు మోకాలితో నెడుతూ ఎక్కాలి. తిరిగేటప్పుడు చిన్న అరవృత్తం నడిచి తిరిగితే కుచ్చులు వెంట వస్తాయి. ఉన్నచోటే తిరిగితే కాళ్లకు చుట్టుకుంటాయి. కూర్చునేముందు వెనక భాగాన్ని ఒక్కసారి చేతి వెనకవైపుతో పక్కకు తోయాలి. నిలబడినప్పుడు మోచేతులు కొద్దిగా మడిచి ఉంచితే చేతులు రెక్కల్లా పరుచుకుంటాయి.

షైలాక్ కత్తి నూరుకునే సమయంలో అతనికీ ఆమె చేతి అంచుకూ కనీసం బారెడు దూరం. వేదిక మీద నిజం దీపం ఉంటే దానికి ఇంకా దూరం.

10. తెర వెనక మార్పులు

వేసుకోవడానికి వ్యవధి చాలా ఉంది. మూడో అంకం చివరి రంగం, కోర్టు సీను మొదటి భాగం మొత్తం ఆమె లోపలే ఉంటుంది. చిక్కంతా విప్పడంలో. నాలుగో అంకం రెండో రంగం ఇరవై పంక్తుల్లో అయిపోతుంది. అయిదో అంకంలో ప్రేమజంట లొరెంజో, జెస్సికాల వెన్నెల మాటలు సుమారు తొంభై పంక్తులు. ఆ లోపు పోర్షియా తన ఊరు బెల్మాంట్‌లో ఇల్లాలై రావాలి. నెరిస్సాది కూడా అదే వ్యవధి, అందుకే సహాయకులు ఇద్దరుండాలి.

వరస మార్చకండి:

1. టోపీ, గుడ్డ టోపీ
2. హుడ్, మూడు బటన్లు
3. జాకెట్టు హుక్కులు, గౌను వెనక నుంచి ఒక్క లాగుడు
4. పొడుగు కోటు (వెనక వెల్‌క్రో ఉంటే మేలు, కానీ లైన్లు నడుస్తుండగా దాని చప్పుడు వినబడకుండా వేదిక పక్క గది తలుపు మూయండి)
5. అయిదో అంకం గౌను, లోపలి కోటు కింద ముందే వేసుకుని ఉంటే దాని అంచు దించడమే
6. రెండో ఉంగరం వేలికి, ఉత్తరాలు రెండూ చేతికి

ఆరోది సహాయకురాలు పైకి చదివి చెప్పాలి, నటి తిరిగి పలకాలి. గడియారం పెట్టి అయిదుసార్లు సాధన చేయించండి. నాలుగు నిమిషాలు దాటితే కోటు బొత్తాలు తగ్గించండి.

11. వెంటనే సరిచేయగలిగినవి

- *ముందు అంచులు విచ్చుకుని నటి మధ్యలో నిలబడ్డట్టుంది:* వాషర్లు తేలిక. ఇంకో జత కలపండి.
- *చేతులు వేళ్లను కప్పేస్తున్నాయి:* కత్తిరించకండి. చేయి లోపల మోచేతి దగ్గర చిన్న నాడా కుట్టి ఎత్తి ఉంచండి.
- *శాటిన్ లైటుకు తళుక్కుమంటోంది:* బట్ట వెనక వైపును పైకి తిప్పి కుట్టండి. మసక మెరుపు పట్టును ఎక్కువగా పోలుతుంది.
- *అంచు మడమకు తగిలి తొక్కుతోంది:* వెనక మాత్రమే ముప్పావు అంగుళం ఎత్తండి, ముందు కదిలించకండి.

12. ప్రదర్శన అయ్యాక

గౌనును అదే రాత్రి లోపలి వైపు పైకి తిప్పి గాలికి ఆరేయండి. చంకల్లో విడిగా తీసి ఉతుక్కునే కాటన్ ప్యాడ్లు పెడితే గౌనును ప్రతిసారీ ఉతకక్కర్లేదు. వాసనకు వోడ్కా, నీళ్లు సగం సగం కలిపి పలచగా చల్లడం నాటకశాలల్లో పాత చిట్కా. చల్లేటప్పుడు మరక పడుతుందేమో ముందు లోపలి కుట్టు మీద చూసుకోండి. ఆ సీసా మీద పేరు రాసి పెట్టండి, నటుల కంట పడనివ్వకండి.

నెలల తరబడి దాచాలంటే సన్నని తీగ హ్యాంగరు వద్దు. యోక్ సాగిపోతుంది. భుజం వెడల్పున్న చెక్క హ్యాంగరుకు పాత గుడ్డ చుట్టి తగిలించి, కోరా సంచి తొడగండి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ చేరుతుంది. వాషర్లు తీసి విడిగా ఉంచండి, తుప్పు మరక ఎర్ర బట్ట మీద నల్లగా నిలిచిపోతుంది.

చివరగా, ఎవరింట్లోనో తాతగారి కాలపు అసలు విశ్వవిద్యాలయ గౌను దొరికితే దాన్ని నటికి తొడగకండి. పాత పట్టు మడతల దగ్గర చీలుతుంది, చెమట పడితే ఇక తిరిగి రాదు. ఇంగ్లీషు నటి ఎలెన్ టెర్రీ 1888లో లేడీ మక్బెత్‌గా వేసుకున్న బీటిల్ రెక్కల గౌనును మళ్లీ చూడదగ్గట్టు చేయడానికి సుమారు 1,300 గంటలు పట్టింది. ఆ పాత గౌనును బల్ల మీద పరిచి, యోక్ కొలిచి, అంగుళానికి ఎన్ని మడతలున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. మడతపెట్టిన చోట ఆమ్లం లేని కాగితం పెట్టి, మళ్లీ పెట్టెలో ఉంచి, ఇచ్చినవాళ్లకు అప్పగించండి.